పైనుంచి రాలేదు

మా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పక్క డబ్బును ‘లెక్క’ అంటాం. ‘లెక్క ఇచ్చినాడా’ అంటే డబ్బు ఇచ్చినాడా అని. ‘లెక్క తేల్చినాడా’ అంటే ఎంత ఇయ్యాలో ఖరారు చేసినాడా అని. రెండింటికీ ఒకటే మాట. కానీ ఎవరైనా బేల్దారి మేస్త్రీని అడిగి చూడండి, ఆ రెండింటి మధ్య ఎంత దూరముందో చెప్తాడు. లెక్క తేలుతుంది. లెక్క రాదు.

అట్లాంటి మేస్త్రీ ఒకాయన పోయిన ఏడాది నన్ను తోడు పిలిచినాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర ఆయనకు రావాల్సింది ఉంది. ‘అక్కా, నువ్వు మీటింగుల్లో మాట్లాడేదానివి, నువ్వొస్తే ఆయన కూర్చోబెట్టి మాట్లాడతాడు’ అన్నాడు. నేను బి.ఏ. చదివినదాన్ని. సిమెంటుకు ఇసుక ఎంత కలుపుతారో కూడా సరిగా తెలియదు. అయినా పోయినాను.

పని మొత్తం ప్లాస్టరింగు, బండపరుపు కలిపి 1,86,000 రూపాయలు. ముట్టింది 1,10,000. మిగిలింది 76,000. పని అయిపోయి పదకొండు నెలలు. మేస్త్రీ తన కింద పనిచేసిన వాళ్లకు వారం వారం కూలి ఇయ్యల్ల కాబట్టి, ఆ 76,000 నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సర్దినాడు. నెలకు 2,280. పదకొండు నెలలకు 25,080. ఇంకోరకంగా చెప్పాలంటే, తన కష్టం వేరేవాళ్ల దగ్గర ఉంచినందుకు తానే పాతికవేలు కట్టినాడు.

కాంట్రాక్టరు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించినాడు, టీ తెప్పించినాడు. ‘అమ్మా, నేను ఎగ్గొట్టే మనిషిని కాదు. పైనుంచి రాలేదు. వచ్చిన రోజు మొదటి లెక్క ఈయనదే’ అన్నాడు. ఫైలు తీసి బిల్లులు చూపించినాడు. తను కూడా బయట వడ్డీలు కడుతున్నానని చెప్పినాడు. నేను పోయేటప్పుడు గట్టిగా మాట్లాడాలని నాలుగు మాటలు సర్దుకొని పోయినాను. ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఆ మాటలు పనికొచ్చేవి. ఆయన చెప్పింది నిజమే. టీ తాగి వచ్చేసినాం.

ఈ పుస్తకం చేతిలో పట్టుకున్న మీకు ఆ రోజు నాకు తట్టని ప్రశ్న వేస్తున్నాను. ఒక మనిషికి నిజంగానే పైనుంచి డబ్బు రాలేదు. అందుకని కింద పనిచేసినవాడికి ఇయ్యలేదు. ఇందులో తప్పుందా? ఉంటే అది ఏ రకం తప్పు? పంచశీలాల్లో రెండోది మనం ప్రతి సమావేశంలో చెప్పుకుంటాం. అది ఇక్కడ తెగిందా, తెగలేదా?

ముందు ఆ ‘పైన’ అనేది ఏందో చూద్దాం. సర్కారు పని అయితే ఇంజనీరు కొలతలు తీసి ఎం.బుక్కులో ఎక్కించల్ల, బిల్లు తయారై ఆన్‌లైన్‌లో ఎక్కల్ల, నిధులు విడుదల కావల్ల. బిల్లులో కొంత భాగం పనిలో లోపాలు బయటపడతాయేమోనని కొన్ని నెలలు ఆపి పెడతారు. ప్రైవేటు పని అయితే యజమాని బ్యాంకు లోను, ఫ్లాట్లు అమ్ముడుపోవడం, వాటాదారుల తగాదాలు. వీటన్నింటి కింద అసలు కాంట్రాక్టరు, ఆయన కింద సబ్ కాంట్రాక్టరు, ఆయన కింద పీసు వర్కు తీసుకున్న మేస్త్రీ, మేస్త్రీ కింద బేల్దార్లు, కంకర మోసే ఆడవాళ్లు. గాలేరు-నగరి పనుల్ని ప్యాకేజీలుగా పంచిన కాలం నుంచి మా పక్క ఈ మెట్లు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెన్న మీద గండికోట జలాశయం 26.85 టీఎంసీల నీళ్లు పట్టేది. దాని రాయి, మట్టి, కాంక్రీటు ఎన్ని చేతులు మారి పని అయ్యిందో ఏ బోర్డు మీదా రాసి ఉండదు.

పని పైకి పోయేటప్పుడు ఎక్కడా ఆగదు చూడండి. గోడ లేచింది అంటే లేచిందే. యజమానికీ, కాంట్రాక్టరుకూ, మేస్త్రీకీ ఒకేరోజు లేస్తుంది. డబ్బు కిందికి దిగేటప్పుడు మాత్రం ప్రతి మెట్టు మీదా కూర్చుంటుంది. ప్రతి మెట్టు మీదా ఆ ఒక్క మాటే వినిపిస్తుంది. చివరి మెట్టు మీద ఉన్నామెకు ఆ మాట చెప్పడానికి కింద ఎవరూ లేరు. ఆమె అంగడి శెట్టితో చెప్పుకోవల్ల, ఆయన వినడు.

ఇన్ని తెలిసీ మేస్త్రీలు ఎందుకు ఒప్పుకుంటారంటారా? మా పక్క పని దొరకడమే పెద్ద సంగతి. జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో ఒకసారి, 2018లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి టెంకాయ కొట్టినారు. ప్రతిసారీ ఇంటికి ఇద్దరికి పని అని లెక్కలు వేసుకున్నోళ్లం మేం. అట్లాంటి చోట ‘అగ్రిమెంటు కాగితం ఇయ్యి సామీ’ అని అడిగే మేస్త్రీని పక్కకు పెట్టి, అడగనివాణ్ణి పిలుస్తారు.

ఇప్పుడు శీలం సంగతికి వస్తాను. రెండో శీలాన్ని తెలుగులో మనం ‘దొంగతనం చేయను’ అని చెప్పుకుంటాం. పాళీలో ఉన్న మాట అదిన్నాదానం. ఇవ్వనిదాన్ని తీసుకోవడం అని. ఆ మాట కొంచెం నిదానంగా చదవండి. మేస్త్రీ తన పని ఇచ్చినాడు. ఊరికే ఇచ్చినాడా? ఫలానా పని అయిన తర్వాత ఇంత లెక్క అన్న ఒప్పందం మీద ఇచ్చినాడు. ఆ గడువు దాకా ఆయన నమ్మకంతో ఆగినాడు, అది ఆయన ఇష్టంతో ఇచ్చిన వ్యవధి. గడువు దాటిన మర్నాటి నుంచి? ‘నీ 76,000 ఇంకో పదకొండు నెలలు వాడుకుంటాను, సరేనా’ అని ఆయన్ను ఎవరూ అడగలేదు. ఇదే డబ్బు బ్యాంకును అడిగి ఉంటే కాంట్రాక్టరు సంతకాలు పెట్టల్ల, జామీను చూపల్ల, వడ్డీ కట్టల్ల. మేస్త్రీ దగ్గరైతే ఇవేమీ అక్కర్లేదు. ఇంతమందిలో అందరికంటే లేనోణ్ణి పట్టుకొని బ్యాంకు చేసుకున్నారు, అదీ వడ్డీ లేని బ్యాంకు.

మీలో ధమ్మం బాగా చదివినవాళ్లు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. బుద్ధుడు కర్మకు మూలం చేతన అన్నాడు కదా, ఉద్దేశం లేనిదే కర్మ లేదు కదా. కాంట్రాక్టరుకు ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. అట్లయితే అది దొంగతనం ఎట్లవుతుంది? సరైన ప్రశ్న. నేను ఆయన్ను దొంగ అనడం లేదు. కానీ భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో, దాచమని ఇచ్చిన సొమ్ము గురించి ఒక విచారణ ఉంది. అది చదివినాక నా ఆలోచన కొంచెం మారింది. దాచమని ఇచ్చిన వస్తువును కాజేయాలన్న మనసుతో ఒక భిక్షువు ‘నువ్వు నాకేమీ ఇయ్యలేదు’ అంటే అది ఒక దోషం. ఆ మాటతో యజమానికి అనుమానం పుడితే అంతకంటే పెద్ద దోషం. ‘ఇంక ఈయన ఇయ్యడులే’ అని యజమాని ఆశ వదులుకున్న క్షణాన దొంగతనం పూర్తయినట్లు. భిక్షువు సంఘంలో స్థానం పోగొట్టుకుంటాడు.

చూసినారా, ఉద్దేశం తీసుకున్నవాడిదే. కానీ నేరం ఎంత దూరం పోయిందో కొలిచే గజంబద్ద పోగొట్టుకున్నవాడి మనసు. మన కాంట్రాక్టరు ‘ఇయ్యను’ అనలేదు, బాకీ లేదని బొంకలేదు. అందుకని ఆ విచారణ ఆయనకు ఉన్నదున్నట్టు అతకదు, అది నాకు తెలుసు. అయినా తిరిగి వచ్చేటప్పుడు మేస్త్రీ బండి ఆపి, నీళ్లు తాగి, ‘ఆ లెక్క పోయిందనే అనుకున్నా అక్కా, ఊరికే అడిగి చూద్దామని వచ్చినా’ అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ‘ఉద్దేశం లేదు’ అన్న సమాధానం నాకు చాలడం లేదు. ఉద్దేశం అనేది గుండెలో దాచిపెట్టుకునే వస్తువేం కాదు. ఈ పదకొండు నెలల్లో ఆ మనిషి ఏం చేసినాడో అందులో కనబడుతుంది. ఫోను ఎత్తినాడా, ఎత్తలేదా? పాత బాకీ ఉండగా కొత్త పనికి అడ్వాన్సు కట్టినాడా? నూరు వచ్చినప్పుడు అందులో పది అయినా కిందికి పోయిందా?

అంగుత్తరనికాయంలో ఇణ సుత్తం ఉంది. ఇణం అంటే ఋణం. బుద్ధుడు అందులో పేదవాడి బతుకును మెట్లు మెట్లుగా చెప్తాడు. లేమి దుఃఖం. లేమి వల్ల అప్పు, అది దుఃఖం. అప్పుకు వడ్డీ, గడువు మీరితే నిలదీయడం, వెంటబడటం, చివరికి కట్టివేయడం, ఒక్కొక్కటీ దుఃఖమే. రెండున్నర వేల ఏండ్ల కిందట చెప్పిన ఈ వరుసను ఏ మేస్త్రీ ఇంటి ముందైనా నిలబడి చదవండి, ఒక్క మెట్టు కూడా తప్పదు. ఆ సుత్తం అంతటితో ఆగదు. చెడు నడవడిక కూడా ఒక అప్పే అంటాడు బుద్ధుడు. ఆ చెడును దాచిపెట్టాలని చూడటం దాని మీద పెరిగే వడ్డీ. తోటివాళ్లు అనే మాటలు నిలదీత. లోపల తొలిచే పశ్చాత్తాపం వెంటబడటం. కాబట్టి ఫోను మోగుతుంటే చూసి పక్కన పెట్టిన ప్రతిసారీ ఇద్దరికీ వడ్డీ పెరుగుతూ ఉంది. మేస్త్రీకి రూపాయల్లో, ఆయనకు ఇంకోచోట.

అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుకు ఉండే నాలుగు సుఖాలు చెప్పినప్పుడు అందులో అప్పు లేకపోవడం ఒక సుఖంగా లెక్కపెట్టినాడు. ఇప్పటికీ ఉపసంపద తీసుకునేవాణ్ణి అడిగే ప్రశ్నల్లో ‘నీకు అప్పుల్లేవు కదా’ అనేది ఉంది. బాకీ తీర్చకుండా చీవరం కట్టుకోవడం కుదరదు.

ఇక సిగాలోవాద సుత్తం మీలో చాలామందికి తెలిసిందే. రాజగృహంలో సిగాలుడనే యువకుడు తెల్లవారుజామున తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటే, ఆ దిక్కులంటే మనుషులని బుద్ధుడు చెప్పినాడు. తల్లిదండ్రులు తూర్పు, గురువులు దక్షిణం, ఇట్లా. పనిచేసేవాళ్లు కింది దిక్కు. వాళ్లకు యజమాని చేయాల్సినవి ఐదు: శక్తికి తగిన పని ఇయ్యడం, కూడూ కూలీ ఇయ్యడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి వంటకం ఉంటే పంచుకోవడం, సమయానికి సెలవు ఇయ్యడం. రెండోదాని పక్కన ‘తనకు వస్తేనే’ అన్న షరతు ఏమీ లేదు. ఇంకో సంగతి, ఆ సుత్తంలో పై దిక్కు శ్రమణులది, జ్ఞానం చెప్పేవాళ్లది. డబ్బిచ్చేవాడిది కాదు. మన కాంట్రాక్టరు పైకి చూస్తూ కూర్చున్నాడు, ఆయన చూడాల్సిన దిక్కు కింద ఉంది.

బుద్ధుడి కాలంలో కట్టడాల తగాదాలు లేవా అంటే, మన జేతవనమే తగాదాతో మొదలైంది. శ్రావస్తిలో విహారం కట్టడానికి అనాథపిండికుడు జేతకుమారుడి తోట అడిగినాడు. ‘కోట్లు పరిచినా ఇయ్యను’ అన్నాడు కుమారుడు. ‘అయితే తోట నాదే’ అన్నాడు ఈయన. ఇద్దరూ న్యాయం చెప్పే మంత్రుల దగ్గరికి పోయినారు. నువ్వు ధర పలికినావు కాబట్టి అమ్మినట్టే అని వాళ్లు తీర్పు చెప్పినారు. అప్పుడు అనాథపిండికుడు బండ్ల మీద బంగారు నాణేలు తెచ్చి నేల మీద పరిచినాడు. వాకిలి దగ్గర కొంచెం చోటుకు నాణేలు చాలలేదు. ఇంకా తెమ్మని మనుషుల్ని పంపబోతే, ఆ చోటు నేనిస్తానని కుమారుడే ముందుకొచ్చి అక్కడ ద్వారమంటపం కట్టించినాడు. చుల్లవగ్గంలో ఉన్న కథ ఇది. మనం దీన్ని దానం గొప్పతనానికి చెప్పుకుంటాం. నాకు నచ్చేది ఇంకొకటి. లెక్క చెల్లకముందు అక్కడ ఒక్క గోడా లేవలేదు. తక్కువ పడిన చోటు కూడా దాని సొంతదారుడు నోరు తెరిచి ఇచ్చిన తర్వాతే దానమైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికే మళ్లీ వస్తాను.

చట్టం ఏమంటుందని మేస్త్రీలు నన్ను అడుగుతుంటారు. కొంచెం చెప్తాను. కాగితం లేకపోయినా దారి మూసుకుపోలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను ప్రకారం, ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా పనిచేసి, ఇంకొకరు దాని ఫలం అనుభవిస్తే ప్రతిఫలం ఇయ్యాల్సిందే. కానీ పని పూర్తయిన రోజు నుంచి మూడేండ్ల లోపల కోర్టుకు పోవల్ల. అందుకే తేదీలు రాసిపెట్టుకోమంటాను. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల గడువు పెట్టింది, దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అంది. అయితే కట్టడాల కాంట్రాక్టులకు అది వర్తిస్తుందా లేదా అని కోర్టుల్లో వాదాలు నడిచినాయి. కూలీల సంగతి వేరు. కాంట్రాక్టరు కూలి ఇయ్యకపోతే అసలు పని పెట్టినవాడే ఇయ్యాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం చెప్పింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్లలో కూడా ఆ బాధ్యత ఉంది.

ఇక్కడొక చిక్కుంది. చట్టం కంటికి కూలీ కార్మికుడు, మేస్త్రీ చిన్న కాంట్రాక్టరు. తన చేత్తో తాపీ పట్టేవాడైనా సరే. ఆయన కింద పనిచేసినామె తన కూలి కోసం పై మెట్టు దాకా పోవచ్చు. ఆయన తన లెక్క కోసం సివిల్ కోర్టుకు పోవల్ల. పైగా ఆమె ఫిర్యాదు చేస్తే ఆయనకు మళ్లీ పని రాదు. అందుకని ఆమెను ఆపేది చాలాసార్లు ఆయనే.

మేస్త్రీ ఎప్పుడూ బాధితుడే అని నేను అనను. పాలమూరు కూలీలను దేశమంతా ఆనకట్టల పనులకు తీసుకుపోయింది గుంపు మేస్త్రీలే. అడ్వాన్సు చేతిలో పెట్టి మనుషుల్ని కట్టేసిందీ వాళ్లే. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పనుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఒక రూపాయి కథ ఉంది. కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ లెక్కను జమాదార్ల చేతికిచ్చినారు. జమాదార్లు మనిషికి రూపాయి కమిషను పట్టుకొని 8 రూపాయల 25 పైసలు ఇచ్చినారు. స్టేడియాలు, ఫ్లైఓవర్లు లేచినాయి, ఆటలు జరిగినాయి. ఆ రూపాయి గురించి జస్టిస్ భగవతి ధర్మాసనం ఏమని తేల్చిందంటే, కనీస కూలికి తక్కువిచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని. కత్తి చూపించి చేయించుకుంటేనే చాకిరీ అని అనుకునేవాళ్లు. ఆకలి కూడా బలవంతమేనని ఆ తీర్పు చెప్పింది.

బ్రిటన్‌లో 1996లోనే ఒక చట్టం చేసినారు. ‘నాకొస్తే నీకిస్తా’ అని కట్టడాల ఒప్పందంలో రాసుకుంటే ఆ షరతు చెల్లదని. పైవాడు దివాలా తీసినప్పుడు మాత్రమే మినహాయింపు. మన దేశంలో కట్టడం పనులకు అట్లాంటి చట్టం లేదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు కేంద్ర ప్రజాపనుల శాఖ కూడా ఆయన కిందనే ఉండేది. కట్టడం పనివాళ్ల సంగతి ఆయనకు పుస్తకాల్లోంచి మాత్రమే తెలిసింది కాదు. మనం ఆయన విగ్రహాలు కట్టించుకుంటూ, ఆ విగ్రహం దిమ్మె కట్టినోడి లెక్క ఎవరు చూస్తున్నారో అడగం.

ఈ మాట నేను ఊరికే అనలేదు. కాంట్రాక్టరు ఇంటి నుంచి వచ్చిన తర్వాత వారం రోజులు ఆయన మీద కోపంగానే ఉన్నాను. తర్వాత ఒకరోజు మా విహారం కమిటీ పాత లెక్కల పుస్తకం వేరే పని మీద తీసినాను. చిన్న హాలు మాది. చందాలతో కట్టినాం. నేల అంతా కడప బండ, ఎర్రగుంట్ల పక్క నుంచి తెచ్చి పరిపించినాం. బుద్ధపూర్ణిమ నాడు ప్రారంభం చేసినాం. మూడు వందల మందికి భోజనాలు. బండ పరిచినాయన వచ్చి వెనక వరసలో, తాను పరిచిన నేల మీదనే కూర్చున్నాడు. ఆయన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పినాం. కప్పింది నేనే. చప్పట్లు కూడా కొట్టించినాను.

పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా 18,500 బాకీ అని ఉంది. రెండేండ్లు.

కమిటీలో అడిగినాను. ఒకాయన ‘చందాలు అనుకున్నంత రాలేదు కదక్కా’ అన్నాడు. అంటే, పైనుంచి రాలేదు. ఇంకొకామె ‘మొదట్లో రెండుసార్లు అడిగినాడు. తర్వాత ఎప్పుడూ అడగలే. దానం కింద అనుకున్నాడేమోలే’ అంది. నాకు జేతకుమారుడు గుర్తొచ్చినాడు. ఇచ్చేవాడు నోరు తెరిచి ‘ఇది నేనిస్తాను’ అంటే దానం. పుచ్చుకున్నవాళ్లు ఆయన తరఫున అనుకుంటే దాన్ని ఏమనల్ల? అదీగాక ఆ రెండేండ్లలో మాకు లెక్క రాకపోలేదు. మైకుసెట్టు కొన్నాం, గేటుకు రంగు వేయించినాం, రెండు పుస్తకాలు అచ్చు వేసినాం. వచ్చిన ప్రతిసారీ ఆయన తర్వాతివాడైనాడు, ఎందుకంటే ఆయన గట్టిగా అడగడు. కాంట్రాక్టరు గురించి నేను పెట్టుకున్న మూడు ప్రశ్నలు మాకు వేసుకుంటే, మొదటిదానికి తప్ప మాకు మంచి మార్కులు రాలేదు. ఫోను ఎత్తకపోవడం జరగలేదు, ఆయన ఫోనే చేయలేదు.

ఇద్దరం ఆయన ఇంటికి పోయినాం, 18,500 కవరులో పెట్టుకొని. ఆయన కవరు వెంటనే పట్టుకోలేదు. ‘ఆ లెక్క నేను ఎప్పుడో వదిలేసినా అక్కా. విహారం పని, గొడవ ఎందుకులే అని’ అన్నాడు. ఆయన భార్య లోపల్నుంచి, ‘వదిలేసింది యాడ, ఆ నెల పాప ఫీజుకు నా కమ్మలు తాకట్టు పోయినాయి’ అంది. ఆయన ఆమెను చూసి ఊరుకోమన్నట్లు చెయ్యి ఊపినాడు. నేను వడ్డీ మాట ఎత్తినాను. కమిటీలో దాని మీద ఇంకా ఏకాభిప్రాయం లేదు, ఆ సంగతీ చెప్పినాను. ధర్మకార్యానికి వడ్డీ ఏందని కొందరు, ఆమె కమ్మలకు కట్టిన వడ్డీ అయినా ఇయ్యల్లని నేను. ఈ పుస్తకం అచ్చుకు పోయే నాటికి కూడా అది తేలలేదు.

కాంట్రాక్టరు మీద నా కోపం తగ్గిందా అంటారేమో. తగ్గలేదు. ఆయన పరిస్థితి మాత్రం ఇప్పుడు ఎక్కువ అర్థమవుతుంది. నిజంగా మునిగిపోయిన కాంట్రాక్టర్లు ఉంటారు, బిల్లుల కోసం హైకోర్టు దాకా పోయినవాళ్లు ఈ రాష్ట్రంలో ఎంతోమంది. వాళ్లను చేతిలో లేనిది ఇయ్యమని ఏ ధమ్మమూ అడగదు. నేను రెండోసారి ఆయన దగ్గరికి పోయినప్పుడు అడిగింది కూడా అది కాదు. ‘మొత్తం రాకపోయినా వచ్చినదాంట్లో ఈయన వంతు ఎంతో ఇప్పుడే కాగితం మీద రాయండి. ఎంత బాకీ, ఎప్పటి నుంచి అనేది కూడా’ అన్నాను. ముందు మా కమిటీ కథ చెప్పి తర్వాత అడిగినాను. ఆయన నవ్వినాడు, కొంచెం సేపు ఫైలు తిప్పినాడు, రాసిచ్చినాడు. ఆ తర్వాత రెండు విడతల్లో 40,000 వచ్చింది. 36,000 రావల్ల. రాసిన కాగితం మేస్త్రీ దగ్గర ఉంది, తేదీతో సహా.

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024 నవంబరులో 77.91 కోట్లు మంజూరు చేసింది. కోట చుట్టూ మళ్లీ పనులు, మళ్లీ మేస్త్రీలు. మీలో ఎవరైనా ఆ పనుల్లో ఏ మెట్టు మీద ఉన్నా, మొదటి రోజే ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఎన్నాళ్లు పనిచేసినారు, ఎంత ముట్టింది, ఎంత ఉంది అని. పైమెట్టు వాళ్లను అడిగే ముందు కింద మెట్టు పేజీ నింపండి.

బండ పరిచినాయన చివరికి కవరు తీసుకున్నాడు. నోట్లు లెక్కపెట్టి, అందులోంచి రెండు వేలు ఒకసారి, ఇంకో రెండు వేలు ఒకసారి పక్కకు తీసి, విడివిడిగా మడిచి పెట్టినాడు. ఏందన్నా అని అడిగితే, ఆ రోజుల్లో తన కింద బండలు మోసిన ఇద్దరికి తానూ ఇయ్యలేదన్నాడు. ‘మీరిస్తే ఇస్తామని చెప్పి ఉంటి’ అన్నాడు. ఒకాయన పక్క వీధిలోనే ఉన్నాడు, పిలిపించి ఇచ్చినాడు. రెండో ఆమె కొండాపురం పక్కకు పనికి పోయిందంట. ఆమె నంబరు కలిపితే పలకలేదు. ఆ రెండు వేలు ఆయన బియ్యం డబ్బా మీద, గోడకు ఆనించి పెట్టినాడు. మేం వచ్చేటప్పటికి అక్కడే ఉన్నాయి.